గుంతకు రిటర్న్ ఎవరిస్తరు?

జగిత్యాలకూ కోరుట్లకూ నడుమ మా మేడిపల్లి. ఊరి పక్కపొంటి పోయే పెద్ద సడకు జాతీయ రహదారి. ఆ సడకు దిగి ఇంకో ఊరి తొవ్వ పడితే అది ఆర్‌అండ్‌బీ వాళ్లదన్న అయితది, పంచాయతీరాజ్ వాళ్లదన్న అయితది. గల్లీలకొస్తే గ్రామపంచాయతీది. ఒక్క కరెంటు స్తంభం ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు జరపాలన్నా, ఒక్క నల్లా పైపు సడకు దాటించాలన్నా ముందుగాల తేల్చాల్సింది ఈ నేల ఎవరిదని. కంటితోని చూస్తే అంతా ఒక్కటే మన్ను. కాయితంల చూస్తే నాలుగు రాజ్యాలు.

నేను బోర్డుల హెల్పర్‌గ చేరి లైన్‌మన్‌గ రిటైరైనోణ్ణి. బోర్డంటే ఇప్పటి పోరగాళ్లకు తెల్వది. 1959ల పుట్టిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు. 1999ల అది జెన్‌కో, ట్రాన్స్‌కో అని రెండయింది. 2000ల పంపిణీ కంపెనీలొచ్చినయి, మాది వరంగల్ కేంద్రంగ ఉన్న ఎన్‌పీడీసీఎల్. తెలంగాణ వచ్చినంక పేరు ముందట అక్షరాలు మారినయి, మొన్న మళ్లొకసారి మారినయి. మా ఈడు ముసలోళ్లం మాత్రం ఇంకా బోర్డనే అంటం. సడకు సంగతీ అంతే. అది ఒకప్పుడు 16 నంబరు రహదారి, నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ దాక. 2010ల దేశమంతట నంబర్లు మార్చినప్పుడు 63 అయింది. నాకు ఇప్పటికీ పదహారే నోటికొస్తది.

మా రోజుల్ల ఊళ్ల స్తంభం పాతుడంటే ఎట్లుండేదో చెప్త. ఏఈ సారు స్కెచ్ గీసిచ్చేటోడు. అది పట్టుకొని ఊళ్లెకు పోతే చావడి కాడ సర్పంచో, మాలీపటేలో కూసుండేటోడు. ఎన్టీఆర్ వచ్చి పటేల్ పట్వారీలను తీసేసేదాక వాళ్ల మాటే చెల్లేది. “ఏందిరా, నా గోడకే ఆనిచ్చి పాతుతరా?” అని లొల్లి మొదలయ్యేది. బండి మలిగేకాడ వద్దని ఒకడు. బర్రెలు మెడ రుద్దుకుంటయని ఒకడు. బిడ్డ పెండ్లికి పందిరి యాడ ఎయ్యాలె బిడ్డా అని ఒక అవ్వ. స్కెచ్‌ల గీత ఒక దిక్కుంటే ఊరి ఇగురం ఇంకో దిక్కుండేది. కాసేపు అరుసుకొని, చాయ తాగి, ఆఖరికి ఒక రాయి తెచ్చి నేల మీద పెట్టేటోళ్లు. ఆ రాయే పర్మిషన్. తెల్లారి ఆ రాయి జరిగిందో, మళ్ల లొల్లి.

స్తంభం 8 మీటర్లదైనా, లెవెన్ కేవీకి వాడే 9.1 మీటర్లదైనా భూమిల మీటరున్నర దిగాలె. అప్పుడు జేసీబీలెక్కడివి? సబ్బలి, పార, తట్ట. మొరం తలిగిందంటే సబ్బలి చేతులకే ఎదురుతన్నేది. గుంతను సన్నగ, నిలువుగ తవ్వాలె. వెడల్పు ఎక్కువైతే స్తంభం నిలబడది, తీసిన మన్ను మళ్ల నింపుడు రెట్టింపు పని. అందుకే పెద్ద గుంత తవ్వినోణ్ణి మేస్త్రి అమ్మనక్కన తిట్టేటోడు. మోకులు కట్టి, రెండు కర్రలు కత్తెర లెక్క ముడేసి ఎత్తు పెట్టి స్తంభం లేపుతుంటే ఊళ్లె మొగోళ్లంత వచ్చి మోకు పట్టేది. లేచినంక రాళ్లు, మన్ను పొర మీద పొర ఏసి దిమ్మిస కొట్టేది. పొద్దుగూకేటాళ్లకు నేల నేల లెక్కనే ఉండాలె. గుంత తెరిచి ఇంటికి పోయే ముచ్చటే లేదు, ఎందుకంటే తెల్లారి అదే తొవ్వల మేం సైకిళ్లు తొక్కాలె.

ఇది చదివి “అప్పుడు కాయితం లేదు, ఇప్పుడు కాయితమే ఉన్నది” అని ముసలోడు ఏడుస్తుండనుకునేరు. నా ఏడుపు అది కాదు. కాయితం విలువ లైన్‌మన్‌కు తెలిసినట్టు ఎవ్వరికీ తెల్వది. మాకు పానాల మీదికొచ్చే పర్మిషన్ ఒకటుండేది, ఎల్‌సీ అంటరు. లైన్ క్లియర్. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను అడిగి ఫీడర్ బందు పెట్టించాలె. ఎవరడిగిన్రు, ఏ ఫీడర్, ఎన్ని గంటలకు అని ఆయన రిజిస్టర్‌ల రాస్తడు. పనైనంక కిందికి దిగి, మనుషులను లెక్కపెట్టుకొని, ఎర్తింగ్ తీసి, “ఎల్‌సీ రిటర్న్” అని చెప్పాలె. చెప్పాల్సింది తీసుకున్నోడే. నా ఎల్‌సీని ఇంకోడు రిటర్న్ చేసెదానికి లేదు, ఏఈ అయినా సరే. రిటర్న్ రాకుంటే ఊరంత చీకట్ల ఉన్నా సరే లైన్ చార్జ్ చెయ్యొద్దు. ఈ నేమం తప్పిన కాడ పోరగాళ్లు తీగల మీదనే కాలిపోయిన్రు. ఇప్పటికీ పేపర్ల అసొంటి వార్త కనవడితే నేను ముందుగాల చదివేది ఎల్‌సీ ఎవరు తీసుకున్నరు, రిటర్న్ ఎవరిచ్చిన్రని.

మరి సడకు తవ్వే పర్మిషన్‌కు రిటర్న్ ఏది? అడిగేటోడు ఏడి?

మా మనవడు ఒక పట్నంల ఇల్లు కట్టుకున్నడు. ఏ పట్నమో చెప్ప, చెప్తే మళ్ల వాని పని ఆగుతది. గేటు ముందటనే స్తంభం, కారు పెట్టరాదు. జరపాలని దరఖాస్తు పెట్టుకున్నడు. ఎస్టిమేట్ వచ్చింది, పైసలు కట్టిండు. ఒకప్పుడు డీడీ తీసి ఆఫీసుల చుట్టు తిరిగేది, ఇప్పుడు ఫోన్లనే కట్టుడు, అది బాగనే ఉన్నది. అయితే తీగ సడకు కింది నుంచి పోవాలె. ఆ సడకు మాది కాదని ఒకరు, మాదే గని కోసినందుకు చార్జీలు కట్టినంకనే అని ఇంకొకరు, వానకాలం కటింగ్ బందని మరొకరు. హైదరాబాద్‌ల కూడ వానలు పడేటప్పుడు రోడ్డు కటింగ్ ఆపుతరు, అందుల తప్పు పట్టెదానికి లేదు. ఆఖరికి అన్ని పర్మిషన్లు వచ్చినయి. కాంట్రాక్టరు మనుషులు జేసీబీ తెచ్చి, పొద్దుమూకకముందే కొత్త స్తంభం నిలబెట్టి, తీగ గుంజి పోయిన్రు. పాత స్తంభం పెరికిన గుంత, సడకును కోసిన కాలువ మాత్రం నోరు తెరుసుకొనే ఉన్నయి. వానొచ్చింది, నీళ్లు నిండినయి. మా వాడు ఒక వేప కొమ్మ ఇరిచి, దానికి ఎర్రగుడ్డ కట్టి పాతిండు. ఫోన్ తీసి చూస్తే “పని పూర్తయినది” అని ఉన్నది.

“తాతా, ఇప్పుడంతా ఆన్‌లైనే, ఫిర్యాదు పెడ్త” అన్నడు.

“పెట్టు బిడ్డా. ఆ గుంతను గూడ ఆన్‌లైన్లనే పూడ్సరాదురా?” అన్న.

పూడ్సుడు సంగతి ఇప్పటి నిబంధనల్ల లేదనుకోవద్దు. ఉన్నది. ఫోన్ తీగలదే చూడుండ్రి. 2016 నవంబర్‌ల కేంద్రం టెలిఫోన్ తీగలకు రైట్ ఆఫ్ వే నిబంధనలు తెచ్చింది. భూమి కింద కేబుల్ వేసేటోళ్ల దగ్గర దరఖాస్తు ఖర్చుల కింద కిలోమీటరుకు 1,000 రూపాయల కంటే ఎక్కువ తీసుకోవద్దన్నది. 60 రోజుల్ల జవాబియ్యకుంటే అనుమతి ఇచ్చినట్టే లెక్కన్నది. 2022 మే నెలల గతిశక్తి సంచార్ అని ఒక పోర్టల్ పెట్టిన్రు, దేశంల యాడ కేబుల్ వెయ్యాలన్నా దాంట్లనే దరఖాస్తు. 2023ల కొత్త టెలికం చట్టం, దాని కింద 2025 జనవరి 1 నుంచి కొత్త నిబంధనలు. తవ్విన నేలను మునుపటి లెక్క చెయ్యాలె, దానికి పైసలన్న కట్టాలె, బ్యాంకు గ్యారంటీ అన్న ఇయ్యాలె అని వాటిల్ల రాసే ఉన్నది. జాతీయ రహదారి దాటాలంటే 2002 చట్టం ప్రకారం రహదారి అధికారుల అనుమతి వేరే. ఇప్పుడు పెద్ద సడకును కొయ్యనియ్యరు, పక్క నుంచి బోరింగ్ చేసి కింద పైపు దూరుస్తరు. ఇది మా కాలంల లేని మంచి పని, ఒప్పుకుంట.

కాని లెక్కంతా ఏ దిక్కున్నది చూడుండ్రి. అనుమతి ఎన్ని రోజుల్ల రావాలె, రాకుంటే ఏం కావాలె, ఏ ఆఫీసుల ఎన్ని రోజులు ఫైలు ఆగింది, అన్నీ కంప్యూటర్ లెక్కవెడ్తది. గుంత ఎన్ని రోజులు తెరిచున్నదో లెక్కవెట్టే మిషన్ యాడ లేదు. అనుమతి ఇయ్యకుంటే ఇచ్చినట్టే అన్నోళ్లు, గుంత పూడ్సకుంటే పూడ్సినట్టే అనుకుంటున్నరా ఏంది?

పాత చట్టం ఇంతకంటే తెలివిగలది. 1910ల ఇంగ్లీషోళ్లు రాసుకున్న విద్యుత్ చట్టం, 2003ల కొత్తది వచ్చేదాక నడిచింది. దాంట్ల వీధి తవ్వేటోడు ముందుగాల నోటీసియ్యాలె. అంతటితో ఇడిసిపెట్టలేదు. తవ్విన చోట కంచె కట్టాలె, కావలుండాలె, రాత్రి దీపం పెట్టాలె, ఆలస్యం చెయ్యకుంట పూడ్సాలె, పూడ్సినంక గూడ కొన్ని నెలలు అది కుంగకుంట చూసే బాధ్యత తవ్వినోనిదే. ఆ ఆఖరి మాట రాసినోడు ఎవడో గని నేల సంగతి తెలిసినోడు. దిమ్మిస ఎంత కొట్టినా మొదటి వానకు మన్ను దిగుతది, అప్పుడు మళ్ల పోయి నింపాలె. మా గ్యాంగుల ఎవ్వరూ ఆ చట్టం చదివింది లేదు. నా మొదటి మేస్త్రికి సంతకమే రాకపోవు. అయినా గుంత ఎప్పుడన్న రాత్రి దాక ఉంటే కందీలు పెట్టి ఒక మనిషిని పండవెట్టేటోడు. వానలు పడ్డంక పాత గుంతలన్నీ చూసి రమ్మని మమ్ములను తోలేటోడు.

ఇప్పటి సీసీ రోడ్ల కథ వేరే చెప్పాలె. మన్ను తొవ్వను తవ్వితే మన్నే నింపుతం, రెండు వానలకు కలిసిపోతది. సీసీని కోస్తే అతుకు పడ్డట్టే, ఆ అతుకు ఎన్నటికీ కలవది. గల్లీల కొత్త సీసీ పోసుడు, దాని మీద నీళ్లు కట్టి ఎండుగడ్డి పరుసుడు, గడ్డి తీసిన వారానికి ఎవరో పైపు కోసమో కేబుల్ కోసమో కట్టర్ తెచ్చుడు. ఏ ఊరోనినన్న అడుగుండ్రి, మా ఊళ్లె గూడ గట్లనే అంటడు. ఒకరి పని ఇంకొకరికి తెల్వది, అదే రోగం. రోగానికి మందు గూడ మన రాష్ట్రంలనే దొరికింది ఒకసారి. 2016 ఆగస్టుల గజ్వేల్ కాడ కోమటిబండల మిషన్ భగీరథ మొదలైనప్పుడు, నీళ్ల పైపు కోసం తవ్వే కందకంలనే ఇంటర్నెట్ ఫైబర్ గొట్టం గూడ వెయ్యాలని తలపెట్టిన్రు. టీ-ఫైబర్ అట్ల పుట్టిందే. ఒక్క తవ్వుడుకు రెండు పనులు. గీ బుద్ధి గల్లీల దాక ఎందుకు దిగదో నాకు సమజ్ గాదు.

బుద్ధి దిగని కాడ ఏమైతదో బ్యాంకు కాడ చూడాలె. జేసీబీ పన్ను కింద ఎక్కడో ఫైబర్ తెగుతది. బ్యాంకుల “నెట్ లేదు”, మీసేవల “నెట్ లేదు”, పింఛన్‌కొచ్చిన ముసలమ్మలు అరుగు మీద కూసుంటరు. ఫైబర్‌ను లోతుగ, 165 సెంటీమీటర్ల కింద పండవెట్టాలని లెక్కున్నది. ఆ లోతుల ఉన్నదాన్ని తెంపాలంటే జేసీబీకి గూడ పనే. మీదనే తెగిందంటే వేసినోడు అంత లోతు తవ్వలేదన్నట్టు. ఈ నష్టం దేశంల ఏడాదికి 3,000 కోట్ల రూపాయల దాక ఉంటదని సర్కారే చెప్పి, 2023 మార్చి 22న “కాల్ బిఫోర్ యు డిగ్” అని ఒక యాప్ ఇడిసింది. తవ్వేటోడు ముందుగాల దాంట్ల చెప్తే, ఆ నేల కింద తీగలు, పైపులున్నోళ్లకు కబురు పోతది. మంచిదే. మా రోజుల్ల ఈ యాప్ పని ఊరి సుంకరి చేసేటోడు. నల్లా పైపు యాడ నుంచి పోతదో, పాత మోరి యాడ పూడిందో వానికి కాళ్లతోనే ఎరుక. ఫోన్ సిగ్నల్ గూడ అక్కరలేకుండె.

నేల మీది ముచ్చట ఒకటి, స్తంభం మీది ముచ్చట ఇంకోటి. మేం పాతినప్పుడు ఒక్కో స్తంభానికి తీగలు, ఒక లైటు, అంతే. ఇప్పుడు అది దండెం. టీవీ కేబుళ్లు, నెట్ కేబుళ్లు, పనికిరాకున్నా తియ్యని పాత చుట్టలు, బర్త్‌డే ఫ్లెక్సీలు. వీధి స్తంభం మీద కేబుల్ వేసుకుంటే ఏడాదికి 100 రూపాయలు, చిన్న సెల్ పెట్టెలు పెట్టుకుంటే ఊళ్లల్ల 150, పట్నాలల్ల 300 అని 2022ల కేంద్రం రేటు కట్టింది. అడిగి పెట్టేటోళ్లకు కద రేటు. అడగకుంట ఎక్కినోని పేరు ఏ రిజిస్టర్‌ల చూడాలె?

పండుగలొస్తే దీని ఫలం కనవడ్తది. 2025 ఆగస్టుల హైదరాబాద్ రామంతాపూర్‌ల కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయిన్రు. ఆ తర్వాత అధికారులు స్తంభాల మీది కేబుళ్లు కోసుడు పట్టిన్రు, ఆ పంచాయితీ హైకోర్టు దాక పోయింది. సడకుకు అడ్డంగ పోయే తీగ ఇండ్లకిచ్చే ఎల్‌టీ అయితే 5.8 మీటర్లకు, లెవెన్ కేవీ అయితే 6.1 మీటర్లకు కిందికి రావద్దని నేమం. తీగ జారకున్నా ఆ ఎత్తు తగ్గే ఉపాయం ఒకటున్నది, ఎవ్వరూ దాని ముచ్చటెత్తరు. సీసీ మీద సీసీ పోస్తే నేల లేస్తది, తీగ ఉన్నకాడనే ఉంటది. పోసేటోడు మీదికి చూడడు, తీగలోడు కిందికి చూడడు. మా రోజుల్ల వినాయకుణ్ణి చెరువుకు తీసుకపోయే ముందటి రోజే ఆ తొవ్వంత నడిచి చూసేది. విగ్రహం ఎత్తు కర్రతోని కొలిచి, తలిగేటట్టుంటే ఎల్‌సీ తీసుకొని ముందట నడిచేది. సిద్దోగం అయ్యేదాక ఆ గల్లీకి కరెంటు లేకుండె, ఎవ్వరూ అడగకుండె గూడ. 2019 సెప్టెంబర్‌ల ఊళ్లకు 30 రోజుల ప్రణాళిక పెట్టినప్పుడు ఒరిగిన స్తంభాలు, యాలాడే తీగలు కొన్ని సరిచేసిన్రు. అసొంటిది ఏటేటా పెట్టాలె.

“తాతా, మీ కాలంల జనం తక్కువ, స్తంభాలు తక్కువ, అందుకే నడిచింది” అంటడు మా మనవడు. అది సగమే నిజం. సిరిసిల్ల దిక్కు చూడమన్న. 1969ల గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టినంక, దేశంల ఐదు చోట్ల కరెంటును సహకార సంఘాల చేతుల పెట్టి చూద్దామనుకున్నరు. అందుల ఒకటి సిరిసిల్ల. అమెరికా నుంచి సహకార కరెంటు సంఘాల నిపుణులు గూడ వచ్చి సలహాలిచ్చిన్రు. 1970ల పని మొదలైంది. సెస్ అనే ఆ సహకార కరెంటు సంఘం ఇయ్యాల్టికీ ఉన్నది, వేల మరమగ్గాలకు కరెంటిస్తున్నది, వాడకందార్లే ఓట్లేసి డైరెక్టర్లను ఎన్నుకుంటరు. మా మేడిపల్లి దాని కిందికి రాదు. అయినా చుట్టరికానికి ఆ దిక్కు పోయినప్పుడు ఒకటి చూసిన. స్తంభం ఒరిగితే ఎవరిని పట్టుకోవాలెనో అక్కడి మనిషికి తెలుసు. ఓటు అడిగెటానికి వచ్చినోణ్ణి పేరు పెట్టి పిలిచి, “నా స్తంభం సంగతేంది?” అంటడు. సంఘాలల్ల రాజకీయాలు ఉండయా అంటే ఉంటయి, మస్తుగుంటయి. గని జవాబు చెప్పే ముఖం ఒకటి ఎదురుంగ ఉంటది. మా వానికి ఎదురుంగ ఉన్నది ఫోన్, దాంట్ల దరఖాస్తు నంబరు.

నేను కొత్త చట్టం అడుగుతలేను. ఊళ్లె సర్పంచ్, వార్డు మెంబర్లు, పట్నంల కౌన్సిలర్లు, మీ చేతుల ఉన్న పనే అడుగుతున్న. మీ గల్లీ తవ్వెటానికి ఎవరు కాయితం తెచ్చినా, తవ్వే మేస్త్రి పేరు, ఫోన్ నంబరు, పూడ్సే తారీఖు ఒక రిజిస్టర్‌ల రాసుకోండ్రి. గుంత కాడ రాత్రి దీపం పెట్టించుండ్రి. పనైనంక ఆ మేస్త్రే వచ్చి, మీరు చూస్తుండంగ నేల మీద నిలవడి రిటర్న్ అని సంతకం పెట్టాలె. మొదటి వాన పడ్డంక మళ్లొకసారి పిలిపించి చూపియ్యుండ్రి. అప్పటిదాక వాని డిపాజిట్‌ల ఒక్క రూపాయి ఇడువకుండ్రి.